ఆదివారం ఎత్తిన ఫోన్

మార్కాపురం,
జూన్ 2001

సరోజ పిన్నికి,

జహరా నమస్కారాలు. మీరు నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. మీ జహరా గొంతు ఇప్పుడు ఒక పెట్టెలో ఉంది.

మా పలకల కంపెనీకి కొత్త టెలిఫోన్ యంత్రం వచ్చింది. తీగలూ ప్లగ్గులూ ఉన్న పాత బోర్డు అటక ఎక్కింది. గిద్దలూరులో మీ పక్కింట్లో ఉన్నప్పుడు మీరు నాకు నేర్పిన పని అంతా అలాంటి బోర్డు మీదే కదా. దించేటప్పుడు కాస్త బాధేసింది. ఇప్పుడు గోడకు ఒక పెట్టె, నా బల్ల మీద దీపాల వరుస ఉన్న ఫోను. నేను ఇంకొకరితో మాట్లాడుతుంటే, ఫోన్ చేసినవాళ్ళను పెట్టెలోంచి ఒక గొంతు పలకరిస్తుంది. ఆ గొంతు నాదే ఉండాలన్నారు మా యజమాని చంద్రశేఖరరావు గారు.

మేనేజరు గురునాథం గారికి అది నచ్చలేదు. "మన రాయి కొనే ఇటలీ వాళ్ళు ఫోన్ చేస్తారు సార్, ఇంగ్లీషులో పెడదాం" అన్నారు. యజమాని నవ్వారు. "వాళ్ళకు ఇంగ్లీషూ అంతంతమాత్రమే గురునాథం. రాయి మనది, మాట కూడా మనదే పెట్టు. ఇంగ్లీషు దాని వెనక పెట్టు" అన్నారు.

మొదటిసారి చెబుతుంటే బయట రాయి కోసే రంపం మోగింది. రెండోసారి యజమానికి తుమ్ము వచ్చింది. మూడోసారి నాకు నవ్వు ఆగలేదు. చివరికి భోజనాల వేళ రంపాలు ఆపించి చెప్పించారు. "నమస్కారం. మీకు కావలసిన లోపలి నంబరు నొక్కండి." అంతే. అమ్మను పిలిపించి వినిపించాను. ఆమె రిసీవరు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. "ఏందే, నోరు మూసుకుని ఎట్ల మాట్లాడుతుండావు?" అంది.

కువైట్‌లో అన్న నాగూర్ వలి కులాసా. మీ చెవి నొప్పి ఎలా ఉంది?

మీ జహరా


గిద్దలూరు,
జూలై

చిరంజీవి జహరాకు,

నవ్వనని నేనెప్పుడు మాటిచ్చాను? నీ ఉత్తరం మూడుసార్లు చదివి మూడుసార్లూ నవ్వాను. పాలు పోసే వెంకటలక్ష్మమ్మకు చదివి వినిపిస్తే ఆమె ఒకటే అడిగింది. "ఆ పెట్టెకు జీతం ఎంతిస్తారక్కా?"

నా చెవి నొప్పి ఎక్కడికీ పోదు. ముప్పై ఏళ్ళకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోను మోసిన చెవి అది. ఇంట్లో ఫోన్ పెట్టించుకోమని అందరూ అంటారు. రిటైరయింది నేనొక్కదాన్నే కాదు, నా చెవి కూడా రిటైరయిందని చెబుతాను. అయినా నీ పెట్టె గొంతు వినాలని ఉంది. బజారులో యోబు నడిపే ఎస్టీడీ బూత్ ఉంది కదా, ఒకరోజు వెళ్ళి చేస్తాను. నువ్వు మాత్రం ఆఫీసు ఫోన్‌తో నాకు చేయకు. నేర్పిన మొదటి పాఠం గుర్తుందిగా? ఆ తీగ మనది కాదు, మనం దాని కాపలా.

మన తాలూకాలు కర్నూలు జిల్లాలోంచి ఒంగోలులోకి మారిన ఏడాది ఒక రైతు ట్రంకు కాల్ బుక్ చేశాడు. "కలెక్టరుకు కలపమ్మా" అన్నాడు. "ఏ ఊరి కలెక్టరు?" అన్నాను. "అదే తెలిస్తే నీకెందుకు చేస్తాను? ఇప్పుడు మన కలెక్టరు ఎవురో నువ్వే చూసి కలుపు" అన్నాడు. ఆ రోజుల్లో ఆపరేటరు అంటే జనానికి అన్నీ తెలిసిన మనిషి. ఇప్పుడు నాకు తెలిసినవల్లా కూరగాయల ధరలు. మధ్యాహ్నాలు మహా పొడుగ్గా ఉంటున్నాయి తల్లీ. రేడియో పెట్టుకుని దానికి జవాబులు చెబుతున్నాను.

ఆశీస్సులతో,
సరోజ


మార్కాపురం,
ఆగస్టు

పిన్నికి,

బాగున్నాం. నన్ను ఫోన్ దగ్గర నుంచి శాంపిళ్ళ గదికి మార్చారు. రాళ్ళ ముక్కలు రంగులవారీగా పేర్చి చీటీలు అంటించడం పని. బూడిద రంగు, పచ్చ, తుప్పు రంగు. మార్పు మంచిదే. కాస్త దుమ్ము ఎక్కువ.

పని ఉంది, మళ్ళీ రాస్తాను.

జహరా


గిద్దలూరు,
ఆగస్టు

జహరాకు,

ఇదేం ఉత్తరం? బ్యాంకువాళ్ళు కూడా ఇంతకంటే ప్రేమగా రాస్తారు.

నీ మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను విను. మొన్న ఆదివారం యోబు బూత్‌కు వెళ్ళాను. ఆదివారం రేటు తక్కువ, పైగా ఆఫీసు మూసి ఉంటుంది, ఎవరూ ఎత్తకపోతే డబ్బూ పడదు, ఊరికే నంబరు సరిచూసుకుందామని చేశాను. రెండు మోతలకే ఎత్తావు! "నమస్కారం" అన్నావు. నువ్వు ఇంకొకరితో మాట్లాడుతుంటేనే కదా పెట్టె పలికేది, ఇది నువ్వేనని నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏమే జహరా, ఆదివారం కూడా డ్యూటీ వేసినారా? తిన్నావా?" అని అడిగాను. నువ్వు లోపలి నంబరు నొక్కమన్నావు. "నేనే సరోజ పిన్నిని, నాకు నంబరేంది?" అన్నాను. మళ్ళీ అదే మాట. నేను అరిచాను. బూత్ బయట క్యూలో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు. ఆ తర్వాత కుయ్ మని శబ్దం వచ్చి ఆగిపోయింది. యోబు బిల్లు చేతికిచ్చి, "ఎవురమ్మా, కూతురా? అలిగిందా?" అని అడిగినాడు. నేనేం చెప్పను?

శాంపిళ్ళ గదిలో ఉన్నదానివి ఆదివారం ఫోన్ ఎందుకు ఎత్తావు? ఎత్తినదానివి నాతో ఎందుకు మాట్లాడలేదు? ఏదో జరిగింది. నువ్వు సంతోషంగా ఉంటే అక్షరాలు గీత దాటి పైకి పోతాయి. ఈసారి ఒక్కటీ గీత దాటలేదు. నిజం రాయి.

సరోజ


మార్కాపురం,
ఆగస్టు

పిన్నికి,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఎగిరి గంతేశాను. వరుసగా చెబుతాను.

పోయిన నెల కంపెనీ ఫోన్ బిల్లు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికి ఎన్నో రెట్లు. లోపల అన్నీ విదేశాల కాల్సు. మేం పేరు కూడా వినని దేశాలు, వాటితోపాటు కువైట్. చాలా కాల్సు ఆదివారాలే, ఆఫీసు మూశాక. గురునాథం గారు బిల్లు చూశారు, నన్ను చూశారు. "మీ అన్న కువైట్‌లోనే గదమ్మా?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే నేనూ జవాబు చెప్పేదాన్ని. ఆఫీసు తాళంచెవుల్లో ఒకటి నా దగ్గరే ఉంటుంది. అదిచ్చేయమన్నారు. మర్నాటి నుంచి శాంపిళ్ళ గది. యజమాని నా ముఖం చూడకుండా, "విచారణ అయ్యేదాకా ఉండమ్మా" అన్నారు. అమ్మకు చెప్పలేదు. మీకూ రాయలేకపోయాను. మీరు నేర్పిన మొదటి పాఠమే నేను తప్పానని ఊరంతా అనుకుంటుంటే ఏ చేత్తో రాయను?

స్తంభం మీద ఎవరైనా తీగ కలిపారేమోనని లైన్‌మెన్ గంగయ్యను ఎక్కించి చూపించాను. కాకిగూడు తప్ప ఏమీ లేదు. పైగా కాకి ఆయన నెత్తి మీద పొడిచింది.

అంతలో మీ ఉత్తరం. పిన్నీ, ఆదివారం ఎత్తింది నేను కాదు. నా గొంతు! తాళం వేసిన ఆఫీసులో యంత్రం తనంతట తానే ఫోన్ ఎత్తుతోంది. ఎవరూ లేనప్పుడు అదెందుకు ఎత్తాలి? ఉత్తరం పట్టుకుని నేరుగా యజమాని గదికి వెళ్ళాను. ఆయన మీ అరుపుల దగ్గర నవ్వారు, తర్వాత ఆలోచనలో పడ్డారు. అప్పుడు బయటపడింది. ఆయన మద్రాసు వెళ్ళినప్పుడు హోటల్ ఫోన్ ఛార్జీలు ఎక్కువని, యంత్రం అమ్మినవాడి చేత ఒక ఏర్పాటు చేయించుకున్నారట. బయటి నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి రహస్య అంకెలు నొక్కితే, యంత్రం మన రెండో లైను ఆయన చేతికిస్తుంది. దాని మీద ప్రపంచంలో ఎక్కడికైనా మాట్లాడవచ్చు. బిల్లు మాత్రం ఇక్కడికే.

"ఆ అంకెలు ఇంకెవరికైనా తెలుసా సార్?" అని అడిగాను. ఎవరికీ చెప్పలేదన్నారు. గురునాథం గారు మాత్రం నమ్మలేదు. "బయటోడికి ఎట్ల తెలుస్తాయమ్మా? ఇదంతా కతలు" అన్నారు. వాళ్ళను ఎలా నమ్మించను?

జహరా


గిద్దలూరు,
సెప్టెంబరు

జహరాకు,

కతలంటాడా? వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యజమానినీ ఆ గురునాథాన్నీ ఆఫీసులో కూర్చోబెట్టు. ఎవ్వరూ ఫోన్ ముట్టొద్దు. ఆ అంకెలేమిటో నాకు చెప్పొద్దు. నువ్వు కూడా అడిగి తెలుసుకోవద్దు. తలుపు బయటివాడు తీయగలడని చూపించాలంటే బయటివాళ్ళే తీయాలి.

యజమాని అనుమతి చీటీ మీద రాయించి పంపు. అది లేకుండా నేను ఒక్క అంకె కూడా నొక్కను. తెరుచుకుంటే ఆయన ఇంటికే ఫోన్ చేస్తాను, నంబరు డైరెక్టరీలో ఉంది.

ఇంకొకటి. ఈ గొడవకు ముందు మాట్లాడకుండా పెట్టేసే కాల్సు ఎక్కువగా వచ్చాయా? గుర్తు తెచ్చుకో. దొంగ ముందు తలుపు తట్టి చూస్తాడు.

సరోజ


మార్కాపురం,
సెప్టెంబరు, ఆదివారం మధ్యాహ్నం

పిన్నీ పిన్నీ పిన్నీ,

చేయి ఆగడం లేదు, అక్షరాలు గీత దాటితే దాటనీండి.

మౌనంగా పెట్టేసే కాల్సు వచ్చాయి, చాలా వచ్చాయి! ఎవరో ఆకతాయిలనుకున్నాను. ఆ మాట చెప్పాకే యజమాని మీకు చీటీ రాసి పంపారు, గురునాథం గారు కాస్త మెత్తబడి ఇవ్వాళ వచ్చారు. వచ్చి ఏం చేశారో తెలుసా? లోపలి ఫోన్లన్నీ ఊడబీకి తెచ్చి యజమాని బల్ల మీద కుప్ప పోశారు. నా బల్ల మీది దీపాల ఫోన్ ఒక్కటే మిగిల్చి, నన్ను దానికి దూరంగా కిటికీ దగ్గర నిలబెట్టారు. "ఇప్పుడు చూద్దాం" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పది కొట్టింది. మొదటి దీపం వెలిగింది. వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. గురునాథం గారు నా వైపు చూసి, "అయిపాయనా?" అన్నారు. మూడోసారి వెలిగింది. ఈసారి ఆరలేదు. కాసేపటికి దాని పక్కన రెండో దీపం కూడా వెలిగింది. ఎవరూ కదల్లేదు. యజమాని ఇల్లు ఆఫీసు మీది అంతస్తే కదా. పైన ఫోన్ గణగణా మోగింది!

గురునాథం గారు వంగి బల్ల కింద చూశారు. ఒట్టు పిన్నీ, బల్ల కింద మనిషి ఉంటాడనుకున్నారు.

పైన యజమాని భార్య సీతామహాలక్ష్మి గారు ఫోన్ ఎత్తారు. కిటికీలోంచి ఆమె మాటలు వినబడుతూనే ఉన్నాయి. ముందు "ఎవురండీ?" అన్నారు. తర్వాత "అట్లనా!" అన్నారు. తర్వాత నవ్వు. ఆ తర్వాత ఎంతకీ ఆగదే! "చింతకాయను ఉప్పులో ఎన్నాళ్ళు నానబెడతారు?" అని కూడా వినబడింది. కింద రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. యజమాని వాటినే చూస్తూ, "అమ్మాయ్, మీ పిన్ని ఇంక పెట్టేస్తుందా, లేక కంపెనీ అమ్మేయాలా?" అన్నారు. ముగ్గురం ఒకేసారి పగలబడి నవ్వాం.

దీపాలు ఆరాక యజమాని లేచి, నా తాళంచెవి తన చేత్తో నాకిచ్చారు. "నా సౌకర్యానికి నేనే తలుపు తీసి పెట్టినాను, మాట మాత్రం నీకొచ్చింది. క్షమించమ్మా" అన్నారు. గురునాథం గారూ లేచారు. కుప్ప పోసిన ఫోన్లన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్ళి ఎక్కడివక్కడ తగిలించారు. నేను సాయం వెళ్తే వద్దన్నారు. అన్నీ అయ్యాక వచ్చి, "నా నోరు తొందరపడింది తల్లీ. నీ బిడ్డలాంటి బిడ్డ నాకూ ఉంది" అన్నారు. తడబడి ఏదో అనబోయి అలా అన్నారు, నాకు పెళ్ళే కాలేదు కదా. అర్థం మాత్రం నాకు అందింది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. నా వీపు మీద ఒకటి వేసింది, ఇన్నాళ్ళూ దాచినందుకు. తర్వాత సేమ్యా చేసింది.

ఇంతకూ అంకెలు ఎలా కనిపెట్టారు?

మీ జహరా


గిద్దలూరు,
సెప్టెంబరు

బంగారు తల్లికి,

కనిపెట్టడానికేముంది? మొదట నాలుగు సున్నాలు నొక్కాను. తర్వాత నాలుగు ఒకట్లు. మూడోసారి ఒకటి రెండు మూడు నాలుగు. అంతే, లైను చేతికొచ్చింది! అమ్మినవాడు పెట్టిన అంకెలు పెట్టినట్టే ఉంచుకున్నారు మీ యజమాని. మా మేకల దొడ్డి గడియ ఇంతకంటే గట్టిది. అలాంటి యంత్రాలు ఊరూరా అమ్ముతారు కదా. ఎక్కడో ఏ దూరపు పట్నంలోనో ఒకడు వరుసగా నంబర్లు తిప్పుతూ, పలికిన యంత్రానికల్లా ఇవే అంకెలు నొక్కి చూసి ఉంటాడు. తెరుచుకున్నదాని మీద అగ్గువకు విదేశీ కాల్సు అమ్ముకుని ఉంటాడు. నీ గొంతు పాపం వాడికీ నమస్కారం చెప్పింది.

ఇక చేయవలసిన పని రాస్తాను. ఆ ఏర్పాటు మొత్తం తీయించెయ్యమను. మద్రాసులో హోటల్ బిల్లు కట్టుకోవడమే చవక. అమ్మినవాడు మరమ్మతుకని ఉంచుకున్న అంకెలు వేరే ఉంటాయి, వాటినీ వాడి ఎదుటే మార్పించు. విదేశాల లైనుకు ఎక్స్ఛేంజిలోనే తాళం వేయించి, ఇటలీతో మాట్లాడేటప్పుడు మాత్రం తీసుకోండి. బిల్లు వచ్చేదాకా ఆగకుండా, మీ లైను మీటరు ఎంత తిరిగిందో వారం వారం ఎక్స్ఛేంజిలో అడుగు. టెలిఫోన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, పరీక్షకు ఫలానా అంకెలు నొక్కమని ఎవరైనా అంటే, పేరు అడిగి పెట్టేసి, నువ్వే ఆఫీసుకు తిరిగి చెయ్యి.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ లైను చేతికొచ్చిన క్షణం, బూత్‌లో రిసీవరు పట్టుకుని నిలబడిపోయాను. ప్రపంచంలో ఎక్కడికైనా చేయవచ్చు. నాకు మాత్రం చేయడానికి ఒక్క నంబరూ తోచలేదు. ఇన్నేళ్ళు అందరినీ కలిపాను కానీ, నాకంటూ అవతల ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. అందుకే సీతామహాలక్ష్మమ్మ "భోంచేసినారా?" అని అడగ్గానే నా నోరు ఆగలేదు. యజమానికి చెప్పు, ఆ కాల్ ఖర్చు నేనిస్తానని.

సరోజ


మార్కాపురం,
అక్టోబరు

పిన్నికి,

మీరు రాసినవన్నీ చేయించాం. గురునాథం గారికి ఇప్పుడు కొత్త పిచ్చి పట్టుకుంది. తన గదిలోని ఫోన్ తాళం అంకెలు ప్రతి సోమవారం మారుస్తారు, బుధవారానికల్లా మరిచిపోతారు, నన్ను పిలిచి చెవిలో గొణుగుతారు. నేను మళ్ళీ నా బల్ల దగ్గరే ఉన్నాను.

ఖర్చు ఇస్తానన్నారని యజమానికి చెప్పాను. పక్కనే ఉన్న సీతామహాలక్ష్మి గారు విన్నారు. "ఆ కాల్‌కు కట్టిన డబ్బు ఒక్కటే ఈ బిల్లులో దండగ కాదు. ఆ పెద్దమ్మను ఎప్పుడు పిలుస్తావు? చింతకాయ పచ్చడి సంగతి సగంలో ఉండాది" అన్నారు. అవతల ఎవరూ లేరని ఇకమీదట రాయకండి. నాకు కోపం వస్తుంది. మీకు ఆదివారం ఉదయం రెండు నంబర్లున్నాయి. ఒకటి ఆమెది. రెండోది మా ఎదురింటిది, పిలిస్తే నేను పరుగెత్తుకొస్తాను.

ఇంకో కబురు. యజమాని ఈ కత వ్యాపారులందరికీ చెప్పారు. గిద్దలూరు వర్తక సంఘం వాళ్ళు దుకాణదారులను పిలిచి మీ చేత చెప్పించాలంటున్నారు. మిల్లులకూ ఆస్పత్రులకూ ఇలాంటి యంత్రాలే ఉన్నాయట. ఆ రోజే ఇటలీ వాళ్ళు వస్తున్నారు, నేను రాలేను. మీరు ఒప్పుకోవాలి. జనం ముందు మాట్లాడలేనని మాత్రం అనకండి.

జహరా


గిద్దలూరు,
నవంబరు

జహరాకు,

మాట్లాడాను తల్లీ. జరిగింది జరిగినట్టు చెబుతాను.

హాలు నిండా జనం. నేను జీవితంలో ఇంతమంది ముఖాలు ఒకేసారి చూడలేదు. నా పని అంతా గొంతులతోనే కదా. మైకు ముందు నిలబడ్డాను. అలవాటు కొద్దీ నోటి నుంచి "నంబర్ ప్లీజ్" అని వచ్చింది. అందరూ నవ్వారు. సరే, ఎలాగూ నవ్వారు కదా అని ధైర్యం వచ్చి, నీ కత మొదలుపెట్టాను. నీ పేరు చెప్పి మరీ చెప్పాను. ఒకటి రెండు మూడు నాలుగు అనగానే ముందు వరుసలో ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళవీ అవే అంకెలట! ఒకాయన సభ మధ్యలోనే లేచి దుకాణానికి పరుగెత్తాడు.

చివర్లో ఒక ముసలాయన వెనక నుంచి లేచాడు. తలపాగా, భుజాన గొంగడి. "అమ్మా, నీ మాట వినంగానే గుర్తుపట్టినా. వాన పడి తీగలు తెగిన యేడు కర్నూలు ఆస్పత్రి నుంచి కాల్ వచ్చింది. అవతల మాట నాకు వినపల్లేదు. నువ్వే మధ్యలో విని, గట్టిగా చెప్పినావు. 'నీ పెండ్లాం క్షేమం, మగపిల్లోడు పుట్టినాడు' అని. ఆ మాట చెప్పినామె ఎట్ల ఉంటదో చూడాలని అప్పట్నుంచీ అనుకుంటి. గుర్తుండానా నేను?" అన్నాడు.

ఎందరికో ఎన్నో కబుర్లు చెప్పాను జహరా. పుట్టినవీ చెప్పాను, పోయినవీ చెప్పాను. ముఖం చూస్తే నాకేం గుర్తుంటుంది? కళ్ళు మూసుకున్నాను. "ఇంకొకసారి మాట్లాడు నాయనా" అన్నాను.

ఆయన నవ్వుతూ అరిచాడు. "హలో! హలో! రాచర్ల నుంచి మాట్లాడుతుండాను!"

"పుల్లయ్యా!" అన్నాను. "గొర్రెల పుల్లయ్య! ఫోన్ అక్కర్లేకుండానే కర్నూలుకు వినబడేట్టు అరిచేవాడివి కదూ!"

కళ్ళు తెరిచాను. హాలంతా చప్పట్లు. పుల్లయ్య ఏడుస్తూ నవ్వుతూ పక్కనున్న మనిషిని భుజం పట్టి లేపాడు. విత్తనాల దుకాణం నడుపుతున్నాడట, మీసాలు, కళ్ళద్దాలు. "వీడేనమ్మా" అన్నాడు, "నువ్వు చెప్పిన పిల్లోడు."

నేను ఆ పిల్లవాణ్ణి తనివితీరా చూశాను.

సరోజ